ఒడిబియ్యానికి సీటుబెల్టు

ఆ రోజుల్లో చేసిన తప్పుల్లో చాలావాటిని తెలియక చేశానని చెప్పి తప్పించుకోగలను గానీ, ఎల్‌బీ నగర్‌లోని ఆ కార్ల షోరూంలో చేసింది మాత్రం కళ్ళారా చూస్తూ చేసిందే. మా పెద్దమ్మ కొత్త కారు సీట్లోంచి లేవలేక, ఒక చెయ్యి మా ఆవిడకూ ఇంకో చెయ్యి సేల్స్ అమ్మాయికీ ఇచ్చి, పళ్ళు బిగబట్టి పైకి లేస్తుంటే, నేను వెనకాల నిలబడి డిక్కీ లోతు చూస్తున్నాను. ఆమె అవస్థ చూడలేదేమో పాపం అనుకునేరు. చూశాను. చూసి, "రెండ్రోజుల్ల అలవాటైతది పెద్దమ్మా" అనేసి మళ్ళీ డిక్కీలో తల దూర్చాను.

ఆ రోజులంటే మరీ పాతవేమీ కావు. మెట్రో ఎల్‌బీ నగర్ దాకా రావడమూ అయింది, మేము దాన్ని చూసి ఆశ్చర్యపోవడం మానేయడమూ అయింది. దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయికుండే మాలాంటివాళ్ళ లోకమంతా విజయవాడ రోడ్డు పొడుగునా పరుచుకుని ఉండేది. ఎవరినడిగినా వాళ్ళ ఊరు ఆ రోడ్డుకు ఇటో అటో కాస్త లోపలికి ఉంటుంది. పెళ్ళిళ్ళు, పురుళ్ళు, పొలం గట్టు తగాదాలు, అన్నిటికీ అదే దారి. పండగ ముందు రోజు ఎల్‌బీ నగర్ చౌరస్తాలో సంచులు కాళ్ళ మధ్య ఇరికించుకుని, వచ్చే బస్సుల అద్దాల మీద ఊళ్ళ పేర్లు చదువుతూ పెరిగినవాణ్ణి నేను. అందుకే కారంటూ కొంటే, ఆ జనం మధ్యలోంచి అద్దాలు ఎక్కించుకుని, లోపల చల్లగా, నింపాదిగా సాగిపోవాలని ఒక కోరిక ఉండేది. ఆ కోరికను పైకి చెప్పుకుంటే బాగుండదు కాబట్టి దానికి 'హైవే కంఫర్ట్' అని పేరు పెట్టుకున్నాను.

అప్పుడు నేను ఒక కోచింగ్ సెంటర్‌లో ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలకు రీజనింగ్ చెప్పేవాణ్ణి. (అంటే, గుండ్రటి బల్ల చుట్టూ ఎనిమిది మంది కూర్చుంటే ఎవరి పక్కన ఎవరున్నారో తేల్చే విద్య. కారులో ఎవరు ఎక్కడ కూర్చుంటారో, కూర్చున్నవాళ్ళు మళ్ళీ ఎలా లేస్తారో తేల్చే అధ్యాయం మా సిలబస్‌లో లేదు.) నా పక్క గదిలో కాలమూ దూరమూ లెక్కలు చెప్పే ఒక పెద్దమనిషి ఉండేవాడు. ఆయన్ని అందరూ హైవే సార్ అనేవారు. ప్రతి శనివారం ఆఖరి క్లాసు అయ్యీ అవగానే తన పొడుగాటి మిడ్‌సైజ్ సెడాన్ ఎక్కి విజయవాడ వెళ్ళిపోయేవాడు, సోమవారం పొద్దున్నే వచ్చి ఎక్కడ ఎంత వేగంలో ఎంత హాయిగా ఉందో మాకు చెప్పేవాడు. కారు కొనాలనుకుంటున్నానని నేను నోరుజారిన రోజున ఆయన టీ కప్పు కింద పెట్టేశాడు.

"కాంపాక్టా? నాలుగు మీటర్లు దాటని బండిని సెడాన్ అంటారేంటండీ మాస్టారూ? చిన్న కారుకి వెనకాల పెట్టె అతికించారు, అంతే. సిటీలో కూరగాయలకి బావుంటది. హైవే ఎక్కి చూడండి, పక్కనుంచి లారీ పోతే చాలు, ఊగిపోద్ది. అదే మిడ్‌సైజ్ అనుకోండి, చక్రాల మధ్య దూరం ఎక్కువ. గతుకు మీద పడ్డా మీకు తెలీదు. చౌటుప్పల్‌లో కళ్ళు మూసుకుంటే సూర్యాపేటలో తెరుస్తారు."

"నడిపేవాణ్ణి నేనే కద సార్" అన్నాను.

"అబ్బా, మీరు కాదండీ, ఇంట్లో వాళ్ళు!" అన్నాడాయన విసుక్కుంటూ.

ఇంట్లో వాళ్ళంటే ఇద్దరు. ఒకరు మా ఆవిడ. తెనాలి పిల్ల. పెళ్ళయిన కొత్తలో మా ఇంట్లో 'ఏంటి'కీ 'ఏంది'కీ కొన్నాళ్ళు పోరు నడిచి, చివరికి ఎవరి మాట వాళ్ళదేనని ఒప్పందం కుదిరింది. రెండోవారు మా పెద్దమ్మ, మా అమ్మ అక్క. మా అమ్మ చిన్నప్పుడే పోతే నన్ను తెచ్చుకుని తన కూతురితో పాటు పెంచింది. నకిరేకల్ దగ్గర పల్లె నుంచి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక గదిలో తొక్కుడు మిషన్ పెట్టి, కాలనీ మొత్తానికీ జాకెట్లు కుట్టింది. ఆ మిషన్ తొక్కీ తొక్కీ మోకాళ్ళు అరిగాయని దవాఖానలో చెప్పారు. (ఆ తొక్కుడులో సగం నా ఫీజులకే పోయిందన్న సంగతి డాక్టరుకు తెలియదు. నాకు తెలుసు. తెలిసినవాళ్ళు ఎంత హాయిగా మరిచిపోగలరో చెప్పడానికే ఇది రాస్తున్నాను.) ఎత్తు కుర్చీ మీద కూర్చుంటే లేవగలదు. నేల మీద, తక్కువ మంచం మీద కూర్చుంటే మాత్రం ఇద్దరు మనుషులు కావాలి. ఆమె కూతుర్ని, అంటే మా అక్కను, కోదాడకు ఇచ్చాం. మోకాళ్ళు మొరాయించినప్పటి నుంచి పెద్దమ్మ కోదాడ మొహం చూడలేదు. అక్కావాళ్ళు అక్కడ ఇల్లు కట్టుకుంటున్నారు. గృహప్రవేశం నాటికి కారు కొని, పెద్దమ్మను హాయిగా తీసుకెళ్ళాలి. ఇదీ కారు కొనడానికి కారణం. ఎవరు అడిగినా ఇదే చెప్పాను. షోరూంలో సేల్స్ అమ్మాయికి కూడా కాస్త గొంతు తడి చేసుకుని చెప్పాను.

షోరూంలో రెండు కార్లూ పక్కపక్కనే ఉన్నాయి. ముందు కాంపాక్ట్. దాని సీటు ఎత్తుగా ఉంది. పెద్దమ్మ వెనక్కి తిరిగి కుర్చీ మీద కూర్చున్నట్టు కూర్చుని, కాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి లోపలికి పెట్టుకుంది. కాసేపు అటూ ఇటూ చూసి, తలుపు పట్టుకుని తనంతట తనే లేచి నిలబడింది. ఎవరూ సాయం చేయలేదన్న సంగతి ఆమె మొహంలో కనబడింది. "గిది మంచిగున్నది బిడ్డా, మన మిషన్ కుర్చీ లెక్కున్నది" అంది.

మిషన్ కుర్చీ లెక్క! నేను కొనబోయే మొదటి కారుకు ఆమె ఇచ్చిన బిరుదది. నాకు లోపల చివుక్కుమంది.

తర్వాత మిడ్‌సైజ్. పొడుగ్గా, నేలకు దగ్గరగా, పైకప్పు వెనక్కి వాలి, నిలబడి ఉన్నా పరుగెడుతున్నట్టు ఉంది. పెద్దమ్మ కూర్చోబోయి, అనుకున్న చోట సీటు తగలక, ఇంకా కిందికి, ఇంకా కిందికి వెళ్ళి దబ్బున కూలబడింది. "ఓరి నాయనా, గిది బాయి లెక్క గింత లోతున్నదేందిరా?" అంది. తర్వాత లేవడం. ఆ సంగతి మొదటే చెప్పాను.

"చిన్నది తీసుకుందామండీ. మన సందులో పడుతుంది, గేటు కూడా మూసుకుంటుంది. పెద్దత్తయ్య దాంట్లోంచి ఎలా లేచారో చూశారుగా" అంది మా ఆవిడ.

నేను చక్రాల మధ్య దూరం గురించి చెప్పాను. లారీ పక్కన ఊగడం గురించి, డిక్కీ గురించి చెప్పాను. చౌటుప్పల్, సూర్యాపేట కూడా చెప్పాను. అన్నీ నిజాలే. ఈ రోజుకీ వాటిలో ఒక్కటి కూడా అబద్ధమని ఎవరూ నిరూపించలేరు. తప్పు తెలుసుకోవడానికి నాకు అంత కాలం పట్టింది అందుకే.

"మీరు కొనేది పెద్దత్తయ్య కోసమా, హైవే సార్ కోసమా?" అంది మా ఆవిడ నెమ్మదిగా, సేల్స్ అమ్మాయికి వినబడకుండా.

"ఒక్కసారి కూసుంటే మళ్ళ కోదాడలనే గద దిగేది! నడుమ దిగే పనేముంది?" అన్నాను నేను, అందరికీ వినబడేలా.

పెద్దమ్మ నా వైపు చూసింది. "నీ ఇష్టం బిడ్డా. నడిపెటోనివి నువ్వే గద" అంది. ఆ మాటను నేను ఆశీర్వాదంగా తీసుకున్నాను.

కారు ఇంటికొచ్చింది. కొబ్బరికాయ కొట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాం. సందులోకి తిప్పితే కారు ముక్కు గేటు బయటే ఉండిపోయింది. ఇంటి ఓనరు చేతులు కట్టుకుని చూసి, "గేటు బంద్ గాదు సార్, రాత్రి కుక్కలొస్తయి. కారన్న బయట పెట్టుండ్రి, గేటన్న మీరే పట్టుకొని పండుండ్రి" అన్నాడు. దాంతో పక్క కాలనీ పార్కు గోడ వెంబడి పెట్టుకునేవాణ్ణి. రోజూ సాయంత్రం బట్ట పట్టుకుని అంత దూరం నడిచి వెళ్ళి తుడిచి వచ్చేవాణ్ణి. గుడికి పోదామా అంటే పెద్దమ్మ మంగళవారమనేది. మీర్‌పేట్‌లో చుట్టాలింటికి అంటే ఎండనేది. చల్లబడ్డాక అడిగితే జాకెట్లు ఇవ్వాల్సి ఉందనేది. ఆమె తప్పించుకుంటున్నదని మా ఆవిడకు తెలుసు. ముసలావిడకు కొత్త కారంటే మొహమాటమని నేను హైవే సార్‌కు చెప్పి ఇద్దరం నవ్వుకున్నాం.

గృహప్రవేశం రోజు దగ్గరికొచ్చింది. మా వైపు కూతురు కొత్తింట్లోకి పోతుంటే పుట్టింటివాళ్ళు ఒడిబియ్యం పోస్తారు. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, రవికె బట్ట, అన్నీ తల్లి తన చేత్తో కూతురి ఒడిలో పోయాలి. తల్లి ఉండగా ఇంకొకరు పోయడమన్నది లేదు. ఆ రోజు మధ్యాహ్నం నుంచి వర్జ్యం ఉంది, ఆ లోపలే కావాలన్నారు అయ్యగారు. ముందు రోజే పోదామంది పెద్దమ్మ. నాకు క్లాసులున్నాయి. "మన బండికి కోదాడెంత? పొద్దున లేసి పోతే టిఫిన్ టైముకు అక్కడుంటం" అన్నాను.

తెల్లవారుతుండగా బయల్దేరాం. కారును సందు మొదటిదాకా తెచ్చి, పెద్దమ్మను నడిపించుకొచ్చి, ముందు సీటు వెనక్కంటా జరిపి కూర్చోబెట్టాం. మళ్ళీ అదే దబ్బు. ఒడిబియ్యం మూటకు డిక్కీ తెరిచి పట్టుకున్నాను. అంత పెద్ద డిక్కీ కొన్నందుకు మొదటిసారి ఒక పని దొరికింది కదా అని.

పెద్దమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "ఒడిబియ్యం డిక్కీల ఏస్తార్రా? టైరు పక్కన? ఎవలు చెప్పిండ్రు నీకు సదువు? ఇటు తే" అని మూటను తన ఒళ్ళో పెట్టుకుంది. డిక్కీ ఖాళీగానే మూసుకుంది.

ఆ తర్వాతి గంటన్నర నా జీవితంలో నేను పూర్తిగా నెగ్గిన గంటన్నర. కారు నీళ్ళ మీద పడవలా పోయింది. అబ్దుల్లాపూర్‌మెట్ దాటేసరికి పెద్దమ్మకు కునుకు పట్టింది. చౌటుప్పల్ దాటినా లేవలేదు. లారీలు పక్కనుంచి పోయినా కారు ఊగలేదు. అద్దంలో మా ఆవిడ వైపు చూసి కనుబొమ్మలు ఎగరేశాను. ఆమె కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టింది.

నార్కట్‌పల్లి దగ్గర పెద్దమ్మకు మెలకువ వచ్చింది. "బిడ్డా, జర ఆపు. పోయిరావాలె" అంది.

నడుమ దిగే పనేముందని షోరూంలో ప్రకటించిన మేధావికి ఇది తట్టలేదు. రోడ్డు పక్క హోటల్ ముందు ఆపాను. తలుపు తీశాను. పెద్దమ్మ మూటను నా చేతికిచ్చి, కాళ్ళు బయట పెట్టి, తలుపు పట్టుకుని లేవబోయింది. లేవలేదు. ఇంకోసారి ప్రయత్నించింది. అంతసేపు వంగి ఉండటంతో మోకాలు కొయ్యబారిపోయింది. నేనొక చెయ్యి పట్టుకుని లాగాను. తల పైకప్పుకు తగిలి మళ్ళీ కూలబడింది. టీ తాగుతున్నవాళ్ళు గ్లాసులతో సహా వచ్చి చుట్టూ చేరారు.

"సీటు ముందలికి జరుపుండ్రి."

"ముందుకి కాదండీ, వెనక్కి. వెనక్కి జరిపి పడుకోబెట్టి అప్పుడు తీయాలి."

"ఎంతిచ్చి కొన్నవ్ తమ్మీ? మైలేజ్ మంచిగొస్తదా?"

పెద్దమ్మ లోపలినుంచి కేకేసింది. "ఓ అయ్యలారా! బొందల పడ్డ బర్రెను చూసినట్టు ఏం జూస్తుండ్రు? జర ఒకలు ఇటు పట్టుండ్రి!"

నలుగురు పట్టారు. లేస్తుండగా మోకాలు తలుపు అంచుకు గట్టిగా ఒత్తుకుంది. షోరూంలో పళ్ళ బిగువున ఆపుకున్న 'అమ్మా' ఈసారి హోటలంతా వినబడింది. బయటికొచ్చి, మా ఆవిడ భుజం పట్టుకుని పోయొచ్చి, హోటల్ కుర్చీలో కూర్చుని, కాలు చేత్తో రుద్దుకుంటూ చెప్పింది. "నేను మళ్ళ గా కార్ల కూసోను."

"పెద్దమ్మా, ఇంకెంత దూరమని? కండ్లు మూసుకుంటే కోదాడ."

"కండ్లు మూసుకుంటే కోదాడ ఒస్తది. కార్లకెల్లి ఎవడు దిగుతడు? నా బదులు నువ్వు దిగుతవా?"

ఆలస్యమైతే వర్జ్యం వచ్చేస్తుంది. ఆమె రాకపోతే అక్క ఒడి ఖాళీగా ఉండిపోతుంది. తల్లి బతికుండగా ఒడి నిండని ఇల్లని ఊళ్ళో ఏళ్ళ తరబడి చెప్పుకుంటారు. పెద్దమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మోకాలికో, ఇందుకో, అడిగే ధైర్యం లేకపోయింది.

అదే సమయానికి టీ కోసం ఆగి ఉన్న విజయవాడ బస్సు హారన్ కొట్టింది. పెద్దమ్మ దాని వైపు చూసింది. పట్టుకోవడానికి తలుపుకు రెండువైపులా కడ్డీలు, ఎత్తు సీట్లు, కాళ్ళు చాపుకోవడానికి మొదటి వరుసలో జాగా. మా ఆవిడ ఆమె చూపును నాకంటే ముందు చదివింది. "బస్సులో వెళ్ళిపోదాం పెద్దత్తయ్యా, నేనొస్తాను మీతో" అని, నా వైపు తిరిగి, "మీరు మీ హైవే కంఫర్ట్‌లో రండి" అంది.

హోటల్ వాళ్ళు ఒక పీట తెచ్చి మెట్టు కింద వేశారు. పెద్దమ్మ కడ్డీలు రెండూ పట్టుకుని, చేతుల బలంతో పక్కవాటుగా ఎక్కేసింది. పైనుంచి నాకు ఆజ్ఞలు జారీ అయ్యాయి. "మూట నీ దగ్గర్నే ఉండనీ. బస్సుల ఎవలదన్న కాలు తగుల్తది. ముందల సీట్ల పెట్టుకొని మంచిగ తీస్కరా. డిక్కీల ఏసినవనుకో, నాకు తెల్వకుంట పోదు!"

అలా బస్సు ముందు, నేను వెనక. ముందు సీట్లో ఒడిబియ్యం. కదిలిన కాసేపటికి కారు టింగ్ టింగ్‌మని మోగడం మొదలుపెట్టింది. చూస్తే, పక్క సీట్లో మనిషున్నాడు, బెల్టు పెట్టుకోలేదు అని దాని ఫిర్యాదు. మూట బరువుకు అది మనిషనుకుంది. వెనక సీట్లోకి మారుద్దామంటే ఆపాలి, ఆపితే బస్సు వెళ్ళిపోతుంది. మోగితే మోగనీ అనుకున్నాను. అది ఆగలేదు సరికదా, గొంతు పెంచింది. చివరికి టోల్‌గేటు వరుసలో ఆగినప్పుడు, బెల్టు లాగి, పసుపు గుడ్డ మూట చుట్టూ తిప్పి, జాగ్రత్తగా బిగించాను. కారు శాంతించింది. పక్క వరుసలోని లారీ డ్రైవరు పైనుంచి అంతా చూసి, మూటకో నాకో తెలియదు గానీ, దణ్ణం పెట్టాడు. నేను ఎంతో వాదించి కొన్న హైవే కంఫర్ట్‌ను ఆ దారిపొడుగునా ఏ కుదుపూ లేకుండా అనుభవించింది ఆ బియ్యమే.

బస్సును దాటి పోవచ్చు. పోలేదు. ముందుగా కోదాడ చేరి ఏ మొహంతో నిలబడాలి? ఇంకో సంగతి, ఆ బస్సు డ్రైవరు నాతో ఎంతో మర్యాదగా ఉన్నాడు. సూర్యాపేట బస్టాండుకు మలుపు తిరిగే ముందు చాలా దూరం నుంచే లైటు వేసి, చెయ్యి బయటపెట్టి, ఇటు రా ఇటు రా అని ఊపాడు. బస్టాండు నుంచి బయటికొచ్చాక నేను కనబడేదాకా నెమ్మదిగా పోనిచ్చాడు. రోడ్డు మీద ఇంత మంచితనం ఇంకా ఉందా అని నా మనసు కరిగింది. అసలు సంగతి తర్వాత మా ఆవిడ చెప్పింది. "గా తెల్ల కారాయన నార్కట్‌పల్లి కెల్లి మన ఎనకనే ఒస్తుండు, ఎవరమ్మా?" అని కండక్టర్ అడిగాడట. పెద్దమ్మ ఏమాత్రం తడుముకోకుండా, "మా కొడుకే. కొత్తగ కారు కొన్నడు. పాపం, తొవ్వ తెల్వదు. బస్సెనకనే రమ్మన్న" అందట. కండక్టర్ పోయి డ్రైవరుతో చెప్పాడట.

కోదాడలో దిగి ఆటో ఎక్కారు. ఆటో ముందు, నేను వెనక. కొత్తింటి గేటు దగ్గర మా బావ చుట్టాలందరినీ వెంటేసుకుని నిలబడి ఉన్నాడు, బామ్మర్ది కొత్త కారు చూడటానికి. ఆటో దిగుతున్న అత్తను చూశాడు. కారులో బెల్టు పెట్టుకుని కూర్చున్న మూటను చూశాడు. "ఏందిరా బామ్మర్దీ! కార్ల బియ్యం తెచ్చినవ్, ఆటోల మా అత్తను తెచ్చినవ్! సామాన్లు తారుమారైనయా ఏంది?" అన్నాడు. గేటు దగ్గరి నవ్వు లోపల వంటవాళ్ళ దాకా పోయింది. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఇంకా బాగోదు.

"జల్ది కానీయుండ్రమ్మా, వర్జ్యమొస్తుంది" అంటున్నారు అయ్యగారు. పీట మీద కూర్చోవాల్సిన అక్క, తల్లి వంగలేదని కుర్చీలో కూర్చుని కొంగు పరిచింది. పెద్దమ్మ ఎదుటి కుర్చీలో కూర్చుని దోసిళ్ళతో బియ్యం పోసింది. ఒక్కో దోసిలికీ కూతురి మొహం, కొత్త గోడలు, మళ్ళీ కూతురి మొహం చూసుకుంటూ, పోయాల్సిన దానికంటే ఎక్కువసేపే పోసింది. అయిపోయాక అక్క కాళ్ళు మొక్కడానికి వంగి, చీర కుచ్చిళ్ళ కింద వాచిన మోకాలు చూసింది.

"గిట్ల వాసిందేందమ్మా?"

"ఏం లేదే. బస్సుల కూసొని కూసొని" అంది పెద్దమ్మ.

బస్సు మీదికి పోయింది నింద. బస్సు వచ్చి సాక్ష్యం చెప్పదు. మా ఆవిడ నా వైపు చూడలేదు. చూసి ఉంటే ఏదో ఒక సర్దుబాటు మాట అనేవాణ్ణేమో. ఆమె చూడకపోవడంతో నాకు దారి లేకుండా పోయింది.

"బస్సు గాదక్కా" అన్నాను. "నా కార్లకెల్లి దిగంగ ఒత్తుకున్నది. షోరూంలనే లేవస్తలేకుండె పెద్దమ్మకు. నేను చూసిన. చూసి గూడ అదే కొన్న."

"చూసి గూడనా?" అంది అక్క. కోపంగా అని ఉంటే తట్టుకునేవాణ్ణి. ఊరికే తెలుసుకోవడానికి అడిగినట్టు అడిగింది.

"పోనీయే. పండగ పూట" అంది పెద్దమ్మ. "ఆకలైతుంది, అన్నం పెట్టుండ్రి ముందుగాల."

మర్నాడు కారును బావ కొత్తింటి ముందే వదిలేశాను. ముగ్గురం బస్సులో వచ్చాం. పెద్దమ్మకు మొదటి సీటు దొరికించి, అక్కావాళ్ళింట్లో అడిగి తెచ్చుకున్న పీట ఒళ్ళో పెట్టుకుని నేను వెనక సీట్లో కూర్చున్నాను. బస్సు ఆగిన చోటల్లా ముందుగా దిగి మెట్టు కింద పీట వేశాను. మా సెంటర్‌లో చదివే పిల్లాడొకడు ఎక్కి, నన్నూ పీటనూ చూసి, "సార్, మీరు కారు కొన్నరంట గద?" అన్నాడు. కొన్నానని, బాగుందని, కోదాడలో ఉందని చెప్పాను. అతను ఇంకేమీ అడగలేదు. తెలివైన పిల్లాడు.

దిల్‌సుఖ్‌నగర్ వచ్చాక సాయంత్రం బ్యాచ్ హైవే సార్‌కు అప్పగించాను. రోజూ ఆ వేళకు ఇంటికొచ్చి, ఇటుక వేడిచేసి గుడ్డలో చుట్టి మోకాలికి కాపడం పెట్టేవాణ్ణి. దవాఖానలో చెప్పిన వ్యాయామాలు నేనే నేర్చుకుని చేయించేవాణ్ణి. పెద్దమ్మ దీన్ని పూర్తిగా వాడుకుంది. "ఇంకింత కిందికి. గంత గట్టిగ గాదు. ఒత్తుడు గూడ రాదా, ఏం నేర్చుకున్నవ్రా ఇన్నేండ్లు?" అనేది. ఒక రోజు కాపడం పెడుతూ అడిగేశాను.

"షోరూంల గట్టిగ వద్దనకపోతివి ఎందుకు పెద్దమ్మా?"

"అంటే మానేస్తుంటివా?"

ఆలోచించాను. అబద్ధం చెప్పే ఓపిక లేదు. "లేదు."

"మరింకేంది. ఇటుక సల్లగయింది, మార్చు."

వాపు తగ్గి ఆమె నడవడం మొదలుపెట్టాక, కోదాడ నుంచి కారు తెప్పించి, ఆ షోరూంలోనే ఇచ్చేసి కాంపాక్ట్ తీసుకున్నాను. ఆ మార్పిడిలో ఎంత పోయిందో హైవే సార్ బోర్డు మీద లెక్క వేసి చూపించాడు. చెరపమన్నాను. ఈసారి షోరూంలో నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను, ఒక్క మాట మాట్లాడలేదు. పెద్దమ్మ ముందు సీట్లో కూర్చుంది, లేచింది. వెనక కూర్చుంది, లేచింది. చేతికి పట్టు చాలదంది, రంగు బాగోలేదంది, మళ్ళీ కూర్చుని ఏసీ వేయించుకుంది. సేల్స్ అమ్మాయి టీ తెప్పించింది. కారులో కూర్చునే తాగింది.

నిజం చెప్పాలంటే, హైవే సార్ చెప్పినవన్నీ ఇప్పుడు రోజూ రుజువవుతున్నాయి. లారీ పక్కనుంచి పోతే మా చిన్న కారు ఊగుతుంది. వేగం పెంచితే లోపల చప్పుడు. ప్రతి గతుకూ పేరు పేరునా తెలుస్తుంది. ఎత్తు సీటు కావడం వల్ల రోడ్డంతా కనబడుతుంది కాబట్టి పెద్దమ్మ ఒక్క నిమిషం కూడా కునుకు తీయదు. "గా లారీని చూసినవా? గంత దగ్గరికి ఎందుకు పోతున్నవ్? హారన్ కొట్టు. గిప్పుడు గాదు, ఇందాక కొట్టాలె" అంటూ, ఆ చప్పుడును మించిన గొంతుతో, ఎల్‌బీ నగర్ దాటిన దగ్గర్నుంచి కోదాడ వచ్చేదాకా నా డ్రైవింగ్ సరిదిద్దుతూనే ఉంటుంది. మా ఆవిడ వెనక సీట్లో కళ్ళు మూసుకుని నవ్వుకుంటుంది. ఒకప్పుడు అద్దాలు ఎక్కించుకుని నిశ్శబ్దంగా పోవాలనుకున్న ఆ కుర్రాడు గుర్తొచ్చి, వాడి మీద కాస్త జాలేసి నాకూ నవ్వొస్తుంది. కానీ నవ్వితే, రోడ్డు చూడటం లేదంటుంది పెద్దమ్మ. అందుకని ముందుకే చూస్తూ, "సరే పెద్దమ్మా" అంటాను.